సంప్రదాయ వస్త్రాలు – నిత్య జీవితంలో వాటి వినియోగం

మానవుని ప్రాథమిక అవసరాలను కూడు, గుడ్డ, గూడు అని పెద్దలు ఒకే వరుసలో చెప్పారు. వీటిలో కూడు ఏనాటికానాడు ఖర్చయ్యేది. గూడు తరతరాలు నిలిచేది. గుడ్డ ఈ రెండింటికీ నడుమ ఉన్నది. శ్రద్ధగా చూసుకుంటే అది మూడు తరాలకు పనికివస్తుంది. నిర్లక్ష్యం చేస్తే కొన్నేళ్ళకే చివికిపోతుంది. మన ఇండ్లలోని ట్రంకు పెట్టెలను తెరచి చూస్తే ఈ మాటలోని నిజం బోధపడుతుంది. ఒక ఇంట అమ్మమ్మగారి గద్వాల చీర, మరొక ఇంట నానీగారి ఖడా దుపట్టా, ఇంకొక ఇంట తాతగారి షేర్వానీ ఏళ్ళ తరబడి మడత విప్పకుండా ఉంటాయి. వాటిని పారవేయటానికి మనసొప్పదు. ధరించటానికి సందర్భం కనిపించదు.

ఇటువంటి వస్త్రాలకు సాధారణంగా మూడు గతులు పడుతున్నాయి. పెట్టెలోనే మడతల వెంట చీలిపోవటం మొదటిది. పాత జరీ కొనే వర్తకుల చేతికి పోయి, వెండి కోసం నిప్పులో కాలిపోవటం రెండవది. పాత బట్టను కొత్త వేషంగా మార్చాలనే ఉత్సాహంతో, దాని స్వభావం తెలియకుండా కత్తెర వేయగా పాడైపోవటం మూడవది. ఈ మూడింటికీ లోను కాకుండా, సంప్రదాయ వస్త్రాలను కళాశాలకూ కార్యాలయానికీ ధరించదగిన రీతిలో తిరిగి వాడుకలోనికి తెచ్చుకోవటం ఎట్లా అనే విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

ఇది కొత్త ఆలోచన కాదు

పాత వస్త్రానికి కొత్త ఉపయోగం కల్పించటం విదేశాల నుండి వచ్చిన వింత అని కొందరు భావిస్తారు. మన గృహిణులు ఈ విద్యను ఎన్నడో నేర్చారు. తల్లి కట్టి విడిచిన పట్టుచీర కూతురికి లంగా అయ్యేది. నలిగి మెత్తబడిన నూలుచీర పసిబిడ్డకు ఉయ్యాల అయ్యేది. అదీ చిరిగిన తరువాత నాలుగైదు పొరలుగా పరచి, దగ్గర దగ్గరగా కుట్లు వేస్తే చలికాలానికి బొంత అయ్యేది. ముస్లిం కుటుంబాలలో దుపట్టా నేత బట్ట చివికినప్పుడు, దాని చుట్టూ కుట్టిన గోటా, జరీ అంచులను జాగ్రత్తగా విప్పి కొత్త బట్టకు కుట్టుకోవటం వాడుకలో ఉన్నది.

ఈ విద్య మన రెండు భాషలనూ కలిపిన విద్య అని కూడా గుర్తించాలి. దర్జీ, రుమాలు, జేబు, జరీ, అస్తరు, రఫూ అనే మాటలు ఉర్దూలో ఎంత సహజమో తెలుగులోనూ అంత సహజంగా చెలామణి అవుతున్నాయి. ఒకరి బట్టను ఒకరు నేసి, ఒకరు కుట్టి, ఒకరు ధరించిన సమాజంలోనే మాటలు ఇట్లా ఇచ్చిపుచ్చుకోబడతాయి.

చరిత్ర నేర్పే పాఠం

వస్త్రం వాడుకలో ఉన్నంతవరకే దానిని నేసే మగ్గం ఆడుతుంది. దక్కన్ వస్త్రచరిత్రలో దీనికి అనుకూలంగానూ, ప్రతికూలంగానూ ఉదాహరణలున్నాయి.

మొదట మష్రూను తీసుకుందాం. అరబ్బీ మూలంలో ఈ మాటకు ధర్మసమ్మతమైనది అని అర్థం. ఇస్లాం సంప్రదాయంలో పురుషులు శుద్ధమైన పట్టు ధరించటం నిషిద్ధం. ఈ నియమాన్ని పాటిస్తూనే పట్టు శోభను పొందటానికి నేతగాండ్రు ఒక ఉపాయం కనిపెట్టారు. పడుగుకు పట్టును, పేకకు నూలును వాడి, పట్టుపోగులు పైకి తేలేటట్లు నేశారు. చూచేవారికి పట్టు కనిపిస్తుంది; ఒంటికి నూలు తగులుతుంది. గుజరాతులోని పటాన్ మొదలైన చోట్ల, మన దక్కనులోనూ ఈ నేత వర్ధిల్లింది. ధరించేవాని నిత్యావసరాన్ని గమనించి నేసిన బట్ట కనుకనే అది శతాబ్దాలపాటు నిలిచింది.

హిమ్రూ కథ వేరు. నూలు పునాదిపై అదనపు పట్టుపోగులతో పూలు, తీగలు తీర్చే ఈ నేతకు, నేడు ఛత్రపతి శంభాజీనగర్‌గా పిలువబడుతున్న ఔరంగాబాదు ప్రధాన స్థానం. ఆ నగరం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. హైదరాబాదు ప్రభువర్గం షేర్వానీలకు హిమ్రూను కోరి తెప్పించుకునేది. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత ఆ ఆదరణ తగ్గింది. షేర్వానీ కూడా క్రమంగా దినసరి దుస్తుల నుండి తొలగి, పెండ్లిపీటలకు పరిమితమైంది. ఏడాదికి ఒక్కనాడు ధరించే బట్టను ఏడాది పొడుగునా నేసి బతకటం ఏ కుటుంబానికీ సాధ్యం కాదు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈ పరిస్థితిలో హైదరాబాదుకు చెందిన సురయ్యా హసన్ బోస్ హిమ్రూ, మష్రూ నేతలను తన నేతశాలలో తిరిగి ప్రారంభింపజేశారు. పాత నేత తెలిసినవారి చేత, భర్తలను కోల్పోయిన స్త్రీలకు ఆ విద్య నేర్పించి, వారికి జీవనోపాధి కల్పించారు. 1928లో జన్మించిన ఆమె 2021లో కన్నుమూశారు. ఒక బట్ట మరుగున పడితే దానితోపాటు ఎందరి జీవనాధారం పోతుందో, తిరిగి లేస్తే ఎందరికి ఆధారం దొరుకుతుందో ఆమె కృషి తెలుపుతున్నది.

మూడవది తేలియా రుమాలు. చీరాల ప్రాంతంలో పుట్టిన ఈ నేతలో నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోను పలుమారులు నానబెట్టి, ఆ తరువాత రంగు పట్టిస్తారు. అందుచేతనే దానికి తేలియా అనే పేరు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు దీని ముఖ్యవర్ణాలు. ఈ రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. ఇక్కడి బెస్తలు లుంగీలుగా, తలపాగాలుగా వాడుకునేవారు. ఆ గిరాకీ పడిపోయినప్పుడు రుమాలును రుమాలుగానే ఉంచి ఉంటే ఈ కథ అంతటితో ముగిసేది. నేతగాండ్రు అదే రూపకల్పనను చీరకూ దుపట్టాకూ మార్చారు. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక గ్రామం నేడు ఈ నేతకు నిలయం. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించింది. శ్రీకాళహస్తి కలంకారీ సైతం ఇట్లే దేవాలయాల తెరల నుండి చీరలకూ దుపట్టాలకూ వచ్చింది.

ఈ ఉదాహరణల సారాంశం ఇది: రూపం మార్చుకుని నిత్యజీవితంలో చోటు సంపాదించిన వస్త్రం బతికింది, ఉత్సవాలకే పరిమితమైన వస్త్రం క్షీణించింది. నేతకు వర్తించే ఈ సూత్రమే మన పెట్టెలోని బట్టకూ వర్తిస్తుంది.

ముందుగా పరీక్ష

పాత వస్త్రాన్ని చేతికి తీసుకోగానే ఏమి కుట్టించాలని ఆలోచించటం సరికాదు. అది ఎంత బలంగా ఉన్నదో తెలుసుకోవటం మొదటి పని. బట్టను కిటికీకి ఎదురుగా, వెలుతురు ఆవలి నుండి పడేటట్లు పట్టుకుని చూడాలి. మడతలు పడినచోట సన్నని వెలుగుగీతలు కనిపిస్తే అక్కడ పోగులు తెగుతున్నాయని అర్థం. తరువాత మడతకు రెండు ప్రక్కలా బొటనవ్రేళ్ళతో మెల్లగా లాగాలి. పోగులు జరిగినా, చిట్లినా ఆ బట్ట ఒంటిమీద బిగువును భరించలేదు. దానిని నూలుబట్టపై అతికించి సంచికో, దిండు గలీబుకో వాడుకోవచ్చును గాని దుస్తులుగా కుట్టరాదు.

బలం తెలిసిన తరువాత మేము మూడు మెట్లను సూచిస్తున్నాము. మొదటి మెట్టులో కత్తెరకూ సూదికీ పని లేదు. రెండవ మెట్టులో సూది పని ఉంటుంది. కాని వేసిన కుట్టును ఎప్పుడైనా విప్పవచ్చును. మూడవ మెట్టులో మాత్రమే కత్తెర వస్తుంది. క్రింది మెట్టుతో పని జరిగే పక్షంలో పై మెట్టు ఎక్కరాదు. కుట్టిన దానిని విప్పవచ్చును. కత్తిరించిన దానిని మునుపటివలె అతికించలేము.

మొదటి మెట్టు: ధరించే తీరును మార్చటం

ఘనమైన వస్త్రాన్ని దినసరి దుస్తులతో కలిపి ధరించటంలో ఒక పొందిక కావాలి. తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థులకు దీనిని సులభంగా చెప్పవచ్చును. ఒక వాక్యంలో అసమాపక క్రియలు ఎన్ని ఉన్నా సమాపక క్రియ ఒక్కటే ఉంటుంది. వేషధారణలోనూ ప్రధానంగా కనిపించవలసిన వస్త్రం ఒక్కటే ఉండాలి. తక్కినవి దానికి అనుకూలంగా ఒదిగి ఉండాలి. తేలియా దుపట్టా వేసుకున్ననాడు కుర్తా, సల్వారు రెండూ ఒకే లేతవర్ణంలో, పూలు లేకుండా ఉంటే ఆ దుపట్టా రాణిస్తుంది. కలంకారీ చీరకు సాదా రవిక చాలు. జరీ పనితనం గల కోటును తెల్లని నూలు కుర్తా పైజామాలపై వేసుకుంటే అది కళాశాలకు తగిన వేషమే అవుతుంది. అదే కోటును మెరిసే పట్టు కుర్తాపై వేసుకుంటే పెండ్లివేషం అవుతుంది.

ఖడా దుపట్టా విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. హైదరాబాదు ముస్లిం వధువుల ఈ వేషంలో కుర్తా, చూడీదారు, ఆరు గజాల దుపట్టా ఉంటాయి. వివాహానంతరం ఈ మూడింటినీ కలిపే దాచిపెట్టటం వలన మూడూ వ్యర్థమవుతున్నాయి. విడదీసి చూస్తే ఉపయోగం కనిపిస్తుంది. కుర్తాను సాదా సల్వారుపై పండుగలకు, సభలకు ధరించవచ్చును. ఆరు గజాలు అంటే సుమారు 5.5 మీటర్లు; అది చీర పొడవే. వెడల్పు సరిపోయేటట్లయితే ఆ దుపట్టాను సాదా లోపావడాపై చీరగా కట్టుకోవచ్చును. ఒక్క కుట్టయినా విప్పకుండా వధువు దుపట్టా ఆమెకు మరల అక్కరకు వస్తుంది.

రెండవ మెట్టు: విప్పదగిన కుట్లు

షేర్వానీ ఒకనాడు మన ప్రాంతంలో మతభేదం లేకుండా విద్యావంతులు దినమూ ధరించిన దుస్తు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు షేర్వానీతోనే తరగతులకు హాజరయ్యేవారు. కనుక తాతగారి షేర్వానీని మనవడు ధరిస్తే అది నాటకవేషమని సంకోచించవలసిన పని లేదు. అయితే ఒకరి కొలతకు కుట్టినది మరొకరికి సరిపోవాలి. ఇక్కడ దర్జీకి మూడు విషయాలు ముందుగా చెప్పాలి. ప్రక్క కుట్ల లోపల విడిచిన బట్ట ఉంటే దానిని వదిలించి వెడల్పు చేయవచ్చును, లేదా లోనికి తీసుకుని బిగించవచ్చును. చేతుల పొడవును లోనికి మడిచి తగ్గించవచ్చును. భుజాలను, మెడపట్టీని మాత్రం ముట్టుకోరాదు. లోపల గట్టి బట్ట వేసి మలచిన ఆ భాగాలు ఒకసారి విప్పితే తిరిగి ఆ ఆకారానికి రావు. భుజాలు సరిపోని షేర్వానీని సరిపోయే బంధువుకు ఇవ్వటమే మేలు. చిరిగిన అస్తరును మార్చి కొత్తది వేయిస్తే పైబట్ట ఆయుర్దాయం పెరుగుతుంది.

పురుగు కొరికిన రంధ్రాలకు రఫూ మార్గం. అదే బట్ట లోపలి అంచు నుండి పోగులు తీసి, నేత వెంట పోగు పోగు కలిపే ఈ పనిలో ఆరితేరిన రఫూగర్లు నానాటికీ తగ్గిపోతున్నారు. వారికి పని ఇవ్వటం కూడా ఈ ఉద్యమంలో భాగమే.

బట్ట చివికి అంచు మాత్రం గట్టిగా ఉన్న దుపట్టాలకు, ముందు చెప్పిన పాత పద్ధతినే అనుసరించాలి. అంచును మెల్లగా విప్పి సాదా నూలుబట్టకు చేతికుట్టుతో కుట్టాలి. మిషను కుట్టు జరీని కోస్తుంది. మరల విప్పటమూ కష్టమవుతుంది.

మూడవ మెట్టు: కత్తెర

పై రెండు మార్గాలూ మూసుకుపోయినప్పుడు, అనగా కొంత భాగం చెడిపోయి కొంత బాగున్నప్పుడు, కత్తెర వేయటం న్యాయం. ఇక్కడ లెక్క అవసరం. సాధారణ చీర సుమారు 5.5 మీటర్ల పొడవు, 1.15 మీటర్ల వెడల్పు ఉంటుంది. పైటకొంగు సుమారు 1 మీటరు విడిచిపెడితే 4.5 మీటర్లు మిగులుతుంది. చీర అంచు పొడవు వెంట నడుస్తుంది. కనుక కుర్తా క్రిందిభాగంలో అంచు రావాలంటే చీర వెడల్పును కుర్తా పొడవుగా తీసుకోవాలి. అట్లా తీసుకుంటే ముందుభాగానికి 0.7 మీటరు, వెనుకభాగానికి 0.7 మీటరు, రెండు చేతులకు 0.6 మీటరు, మొత్తం 2 మీటర్లు పడుతుంది. చీర అంతా గట్టిగా ఉంటే రెండు కుర్తాలు వస్తాయి. సగం చెడిపోయినా ఒకటి వస్తుంది. విడిచిన కొంగుతో చేతులు లేని పొట్టి కోటు కుట్టవచ్చును. పాత పట్టును బిగువుగా కుట్టరాదు. లోపల పలుచని నూలు అస్తరు తప్పక వేయాలి.

మన పెద్దలు పట్టుచీరను లంగాగా మార్చటంలోని తెలివి ఈ లెక్కతో బోధపడుతుంది. లంగాకు చీర వెడల్పే పొడవు అవుతుంది, పొడవు కుచ్చిళ్ళు అవుతుంది. అంచును ఎక్కడా కోయవలసిన అవసరమే రాదు. ఎక్కువైన పొడవును మడతకుట్టుగా లోనికి వేసి, పిల్ల ఎదిగినకొద్దీ విప్పుతూ వచ్చేవారు. ఒకే లంగా అనేక సంవత్సరాలు సరిపోయేది.

పట్టుచీరలు లేని ఇండ్లవారు నిరాశపడనక్కరలేదు. మెత్తబడిన నూలుచీరలను రెండు మూడు పొరలు చేసి బొంతకుట్టు వేసి కోటుగా కుట్టించుకుంటే చలికాలానికి అది అందమైన వస్త్రం. ఈ విద్యకు సంపద కంటే ఓపిక అవసరం.

సంరక్షణ

దినమూ ధరించే బట్ట చెమటకు, ఉతుకుకు లోనవుతుంది. పట్టుకు చెమట శత్రువు. కనుక పట్టు, జరీ వస్త్రాలను ఒంటికి తగలని పైదుస్తులుగా, అనగా కోటు, దుపట్టా, సంచి రూపంలో వాడుకోవటం వివేకం. ఒంటికి తగిలే దుస్తులకు తేలియా వంటి నూలునేతలు, మష్రూ అనుకూలం. అసలు జరీ అంటే బంగారు పూత గల వెండితీగ; గాలిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది. అత్తరును నేరుగా జరీపై చల్లరాదు. ప్లాస్టిక్ సంచులలో దాచరాదు. ఉతికిన తెల్లని నూలుబట్టలో చుట్టాలి. కలరా ఉండలు బట్టకు తగలకుండా చూడాలి. మూడు నెలలకొకసారి మడత విప్పి, నీడలో గాలికి ఆరవేసి, మునుపటి మడతల మీద కాక వేరుచోట మడవాలి. ఇస్త్రీ లోపలివైపు నుండి, మధ్య ఒక నూలుబట్ట వేసి చేయాలి.

రెండు ఆక్షేపణలు

పెద్దల జ్ఞాపకంగా ఉన్న వస్త్రాన్ని దినమూ ధరించి అరగదీయటం వారికి అమర్యాద కాదా అని కొందరు అడుగుతారు. పెట్టెలో చీలిపోయే వస్త్రం కూడా అరిగిపోతూనే ఉన్నది. అది ఎవరి కంటా పడటం లేదు, అంతే తేడా. అయినా ఇంటి పెద్దల అనుమతి లేకుండా ఏ వస్త్రాన్నీ ముట్టుకోరాదు. వారిని అడిగినప్పుడు ఆ బట్ట ఎవరిది, ఏ సందర్భంలో కొన్నది, ఎక్కడ నేసినది అనే వివరాలు తెలుస్తాయి. ఆ వివరాలను ఒక నూలుపట్టీపై ఉర్దూలోనో తెలుగులోనో వ్రాసి అస్తరు లోపల కుట్టిపెట్టాలి. బట్ట నిలిచి దాని కథ పోతే సగం ఆస్తి పోయినట్లే.

కళాశాలలో ఘనమైన వస్త్రాలు ధరిస్తే పేద విద్యార్థుల మనసు నొచ్చుకోదా అనేది రెండవ ఆక్షేపణ. ఇది ఆలోచించదగిన మాట. పాత వస్త్రాన్ని బాగుచేసి ధరించటం గౌరవమని విద్యార్థులందరూ అంగీకరించిననాడు, కొత్తది కొనలేనివారు తలవంచుకోవలసిన అవసరం తగ్గుతుంది. అన్న షేర్వానీని తమ్ముడు, అక్క దుపట్టాను చెల్లెలు ధరించటం లేమికి గుర్తుగా కాక విజ్ఞతకు గుర్తుగా నిలుస్తుంది. పెండ్లిళ్ళకు అప్పుచేసి కొత్త బట్టలు కొనే దురలవాటుకు కూడా ఇది కొంత అడ్డుకట్ట వేయగలదు.

ముగింపు

ఈ సందర్భంలో కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు రెండు. వార్షికోత్సవ సమయంలో ఒక దినం విద్యార్థులు తమ ఇండ్లలోని పాత వస్త్రాలను, వాటి వివరాలను ప్రదర్శించే అవకాశం కల్పించాలి. సెలవు రోజులలో ఒక అనుభవజ్ఞుడైన దర్జీని, ఒక రఫూగరును పిలిపించి చేతికుట్టు, రఫూ, బొంతకుట్టు నేర్పించాలి. వీటికి పెద్ద వ్యయం కాదు. రఫూ చేతులు తెలిసినవారు మన మధ్య ఉన్నప్పుడే ఆ విద్యను అందుకోవాలి. వారి తరువాత పుస్తకం చూచి నేర్చుకోదగిన విద్య కాదది.

విద్యార్థులకు మేము చెప్పేది ఇంతే. ఈ సెలవులలో ఇంటి పెద్దల సమక్షంలో పెట్టె తెరవండి. ఒక్క వస్త్రాన్ని వెలుతురులో పట్టి చూడండి. గట్టిగా ఉంటే కత్తెర వేయకుండా, దాని ప్రక్కన సాదా బట్టను చేర్చి ఒకనాడు కళాశాలకు ధరించి రండి. మిగిలిన వస్త్రాలకు ఏమి చేయాలో ఆ ఒక్కటే మీకు నేర్పుతుంది.